జంట మగ్గం బల్ల

ఆ ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఒక మగ్గం ఉంది. ప్రతి మగ్గమూ ఒక గోడకి ఎదురుగా ఉంది. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న మనిషికి పొద్దున్నా ఆ గోడే కనిపిస్తుంది, సాయంత్రమూ ఆ గోడే కనిపిస్తుంది. గోడ మీదికి బల్లి ఎప్పుడొచ్చింది, ఎప్పుడు పోయింది అని అడిగితే ఠక్కున చెబుతారు. పక్కింటివాళ్ళ సంగతి అడిగితే మాత్రం కాసేపు ఆలోచించుకోవాలి.

అలాగని వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. తెల్లవారుతూనే వీధిలో పడుగులు సాగదీసి, గంజి పెట్టేటప్పుడు ఒకరికొకరు చెయ్యేస్తారు. కానీ గంజి ఆరేలోగా పోగులన్నీ విడదీసుకోవాలి కదా, ఎవరి కళ్ళు వాళ్ళ వేళ్ళ మీదే ఉంటాయి. ఎండ ముదిరేసరికి పడుగు చుట్టుకుని ఎవరి గోడ దగ్గరికి వాళ్ళు వెళ్ళిపోతారు.

ఇచ్చే గుణం కూడా ఉంది. దానికొక ఆచారమే ఉంది. చీర నేత ముగిసేసరికి, అడ్డపోగుని అటూ ఇటూ మోసే నాడె తిరగడానికి చోటు చాలని జానెడు పోగులు మగ్గం మీద మిగిలిపోతాయి. ఎంతటి పనివాడైనా వాటిని నెయ్యలేడు. ఆ జానెడూ కోసి గుమ్మం పక్కన మేకుకి వేలాడదీస్తారు. దాన్ని ధర్మపు కొస అంటారు. దీపాల ఒత్తులకి కావలసినవాళ్ళు, బొంతలు కుట్టుకునేవాళ్ళు అడిగి పట్టుకుపోతారు. ఇచ్చినవాళ్ళకి పుణ్యం వస్తుంది, ఇంట్లోంచి పోయేది ఏమీ లేదు. ఇవ్వడమంటే ఇదేనని ఆ ఊరు తరతరాలుగా నమ్మింది. పాపం, ఇంకో రకంగా ఇవ్వడం వాళ్ళకి ఎవరూ చూపించలేదు.

ఊరి చివర, ఏటి రేవుకి దగ్గరగా ఉన్న ఇంట్లో మాత్రం జంట మగ్గం ఉండేది. దాని మీద నేసే చీరకి రెండు వైపులా పెద్దంచు. నడిమికి ఒక నాడె, అంచులకి చెరో నాడె. ఒక్క మనిషి చేతులు చాలవు. ఇద్దరు ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చుని, ఒకరు విసిరింది ఒకరు అందుకుంటూ నెయ్యాలి. ఎడమ పక్కన ఆ ఇంటామె కూర్చునేది. కుడి పక్కన ఆమె స్నేహితురాలు కూర్చునేది. ఇద్దరూ పరికిణీల వయసులో ఆ బల్ల ఎక్కారు, తల నెరిసేదాకా దిగలేదు. ఏళ్ళ తరబడి కూర్చోగా కూర్చోగా టేకు చెక్క రెండు చోట్ల పల్లంగా అరిగింది.

వాళ్ళకీ ఎదురుగా గోడే ఉంది. కానీ వాళ్ళు ఆ గోడని ఎప్పుడు చూశారు గనక. మగ్గం చప్పుడులో మాటా, మాటలో మగ్గం చప్పుడూ కలిసిపోయేవి. కూరలో ఉప్పు ఎక్కువైన సంగతి దగ్గర మొదలై, ఎక్కడెక్కడో తిరిగి, చివరికి దెబ్బలాటలో తేలేది. దెబ్బలాడుకున్న రోజున అంచు బిగువుగా వస్తుందని ఊళ్ళో వాళ్ళు నవ్వుకునేవాళ్ళు.

అలాంటిది, ఒక పొద్దున స్నేహితురాలికి కబురొచ్చింది. అవతలి ఒడ్డున తమ్ముడికి ఒంట్లో బాగాలేదట. చీర సగంలో ఉంది.

"నాలుగు రోజుల్లో వచ్చేస్తానే. నా నాడె ముట్టుకోకు. పోగు తెగితే నేనొచ్చి అతుక్కుంటాను" అంది.

నాడె బల్ల మీద పెట్టి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, పడవ ఎక్కింది. నాలుగు రోజులు అయ్యాయి. నలభై రోజులు అయ్యాయి. అవతల నుంచి వచ్చిన పడవవాళ్ళని అడిగితే ఒకరు ఒకటి చెప్పారు, ఇంకొకరు ఇంకొకటి చెప్పారు. ఒకాయన ఏదో చెప్పబోయి, ఆమె మొహం చూసి మానేశాడు. ఆమె కూడా రెట్టించి అడగలేదు.

సగంలో ఆగిన చీరకి బట్ట చుట్టి అటకెక్కించింది. ఒక్క మనిషికి సరిపోయే సన్నటి పడుగు ఎక్కించుకుని, ఒక్కతే ఎడమ పక్కన కూర్చుని తువ్వాళ్ళు నేసుకోవడం మొదలుపెట్టింది. నాడె మాత్రం బల్ల కుడి కొసన పెట్టిన చోటే ఉంది. పొద్దున్నే బల్ల తుడిచేటప్పుడు తన వైపు కన్నా ఆ వైపే శ్రద్ధగా తుడిచేది. వచ్చిన మనిషిని దుమ్ములో కూర్చోబెడతామా ఎక్కడైనా. ఒక్కోసారి నేస్తూ నేస్తూ అలవాటు కొద్దీ ఏదో అనేసి, జవాబు కోసం ఆగేది. ఆ ఆగిన క్షణం ఆమెకి రోజంతా చేసిన పని కన్నా బరువుగా ఉండేది.

ఇలా పదకొండేళ్ళు గడిచాక వీధి మొదట్లో ఉన్న ముసలి నేతగాడు మగ్గం మీదే ఒరిగి ప్రాణం విడిచాడు. ఆ సంగతి ఊరికి మూడో రోజుకి గానీ తెలియలేదు. ఎవరి మగ్గం చప్పుడులో వాళ్ళు ఉంటే పక్క మగ్గం ఆగిపోయిందని ఎలా తెలుస్తుంది? తెలిశాక మాత్రం ఊరంతా సిగ్గుతో చచ్చిపోయింది. ఊరి పెద్ద అందరినీ రేవు దగ్గరికి పిలిచాడు.

"మనకి పని చేసుకోడానికి చోటుంది. పడుకోడానికి చోటుంది. ఊరికే కూర్చోడానికి చోటు లేదు" అన్నాడు.

"ఊరికే కూర్చుని ఏం చేస్తాం పెద్దయ్యా?" అంది రంగులామె. నూలుకి రంగు అద్దేది ఆవిడే. మోచేతుల దాకా చేతులు నీలంగా ఉంటాయి, నోరు పదునుగా ఉంటుంది.

"ఏమీ చెయ్యం. అందరం కలిసి ఏమీ చెయ్యకుండా ఉందాం. ఆడుకుందాం, పాడుకుందాం, లేకపోతే ఏటి వైపు చూస్తూ కూర్చుందాం."

ఆ మాట అందరికీ నచ్చింది. ఆటవిడుపు ఇల్లు అని పేరు పెట్టుకున్నారు. రేవు గట్టు మీద, పడవ దిగినవాళ్ళకి ముందుగా కనిపించే చోట కట్టాలనుకున్నారు. మట్టి తొక్కి గోడలు లేపడానికి అందరూ వచ్చారు. ఇక ఇంట్లోకి కావలసిన వస్తువులు ఎవరికి తోచినవి వాళ్ళు ఇవ్వాలన్నాడు పెద్దయ్య.

వాళ్ళకి ఏం తోస్తుంది? తరతరాలుగా తోచిందే తోచింది. ఒకాయన మూసుకోని తలుపు ఇచ్చాడు. ఒకాయన ఇచ్చిన డప్పు కొడితే చేట మీద కొట్టినట్టు మోగింది. ఒక ఇల్లాలు అష్టాచెమ్మా ఆడుకోడానికి గవ్వలిచ్చింది గానీ, అవి మూడే. మూడు గవ్వలతో అష్టా ఎలా పడుతుంది, చెమ్మా ఎలా పడుతుంది? రంగులామె అడుగున చీలిక ఉన్న రంగు కాగు ఇచ్చి, పూలమొక్క పెట్టుకోండి అంది. ఇవి కాక ఇంటింటి నుంచీ ధర్మపు కొసలు వచ్చాయి. జంట మగ్గం ఆమె కూడా తన తువ్వాళ్ళ కొసలే ఇచ్చింది.

పెద్దయ్య దేన్నీ కాదనలేదు. కొసలన్నీ కలిపి పురి పెట్టి, పేని, రెండు బలమైన మోకులు తయారుచేశాడు. వాటిలో ఊళ్ళో ఉన్న రంగులన్నీ ఉన్నాయి. దూలానికి వేలాడదీసి, ఉయ్యాల వేస్తానన్నాడు.

ఇల్లు పూర్తయింది. జనం వచ్చారు. ఎవరికి వాళ్ళు తాము ఇచ్చిన వస్తువు ఎక్కడుందో వెతుక్కున్నారు. "నా తలుపు దొడ్డి వైపు పెట్టారేం?" అని ఒకాయన కాస్త నొచ్చుకున్నాడు. పక్కవాళ్ళు ఇచ్చింది చూసి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వినవాళ్ళు నవ్వారు. తరవాత ఏం చెయ్యాలో తెలియక ఇళ్ళకి వెళ్ళిపోయారు. ఇంట్లో అక్కర్లేదనుకున్న వస్తువుని ఎదురుగా పెట్టుకుని ఎవరు మాత్రం ఎంతసేపు కూర్చుంటారు? నెల తిరిగేసరికి అటు వెళ్ళేవాళ్ళే లేకపోయారు. పెద్దయ్య ఒక్కడూ సాయంత్రాలు అక్కడ కూర్చుని మూడు గవ్వలూ విసురుకుంటూ ఉండేవాడు.

ఒక సాయంత్రం జంట మగ్గం ఆమె రేవు నుంచి నీళ్ళు తెచ్చుకుంటూ అటు చూసింది. దూలం నుంచి రెండు మోకులు వేలాడుతున్నాయి. కింద ఏమీ లేదు. ఏటి గాలికి అవి రెండూ ఊగుతున్నాయి, ఒకదాన్నొకటి తాకబోయి దూరంగా జరుగుతున్నాయి. బిందె దించి లోపలికి వెళ్ళింది.

"ఉయ్యాలకి బల్ల ఎవరూ ఇవ్వలేదా పెద్దయ్యా?"

"ఇచ్చారమ్మా. మూడిచ్చారు. కూర్చుంటే మూడూ విరిగేవే."

ఆమె బిందె ఎత్తుకుంది. ఇంటికొచ్చి మగ్గం దగ్గర నిలబడింది. బల్ల వైపు చూడకూడదనుకుంది గానీ ఆ ఇంట్లో చూడ్డానికి వేరే ఏముంది? ఆ వేళ నేత సాగలేదు. మర్నాడూ సాగలేదు. ఇవ్వాలని ఉంది. ఇస్తే, రేపు స్నేహితురాలు వస్తే అది ఎక్కడ కూర్చుంటుంది? అదొక్కటే ఆమెని పట్టుకుని వదలలేదు. పదకొండేళ్ళ తరవాత గుమ్మంలో అడుగుపెట్టిన మనిషి, తన చోటు కోసం చూసి, అక్కడ ఒట్టి మట్టి గట్టు ఉంటే ఏమనుకుంటుంది? నువ్వు కూడా నేనిక రాననే అనుకున్నావా అంటే ఏం చెబుతుంది?

మూడో రోజు మధ్యాహ్నం ఆమెకి ఒక ఉపాయం తట్టింది. వడ్రంగిని పిలిచింది.

"ఇది ఇద్దరి బల్ల. రెండు ముక్కలు చెయ్యి. ఒక సగం ఉయ్యాలకి, ఒక సగం నాకు."

వడ్రంగి బల్ల ముందు కూర్చుని, రంపం తీసి, నడుమ గీత గీశాడు.

"ఏ సగం ఇస్తావమ్మా?"

ఆమె నోరు తెరిచింది. కుడి సగం అనబోయింది. పొద్దున్నే తుడిచిన ఆ పల్లం తళతళలాడుతూ కనిపించింది. ఎడమ సగం అనబోయింది. తను పక్కన లేకుండా అది ఒక్కతే కూర్చుని ఎవరితో మాట్లాడుతుంది? దాన్ని పంపి తను ఉండలేదు. దాన్ని ఉంచి తను పోవడమూ చేతకాదు.

"ఏ సగమమ్మా?" అన్నాడు మళ్ళీ. అతని చేయి రంపం మీద ఉంది.

"కొయ్యకు" అంది ఆమె. "రెండూ కలిసే ఉండనీ. మొత్తం తీసుకుపో."

బల్ల ఎత్తబోయే ముందు కుడి కొసన ఉన్న నాడెని చేతిలోకి తీసుకుంది. ఎక్కడ పెట్టాలో తెలియలేదు. గూట్లో పెట్టింది, మళ్ళీ తీసింది. చివరికి చేత్తోనే పట్టుకుని వడ్రంగి వెనకాల నడిచింది.

దారిలో రంగులామె ఎదురైంది. తడి నూలు చిలపలు భుజాన వేసుకుని ఉంది.

"ఇదేంటి వదినా, కూర్చునే బల్లే ఇచ్చేస్తావా? ధర్మానికి కొస ఇస్తారు గానీ చీర మొత్తం కోసి ఇస్తారా ఎవరైనా?"

ఆమె నవ్వబోయింది. నవ్వు రాలేదు.

"రేపు నీ స్నేహితురాలు వస్తే ఎక్కడ కూర్చోబెడతావు?" అంది రంగులామె. అనేశాక తనే నాలుక కరుచుకుంది.

పదకొండేళ్ళుగా ఆ ఊళ్ళో ఎవరూ ఆ మనిషి పేరెత్తలేదు. నొప్పెడుతుందని ఊరుకున్నారు. ఎత్తితే ఇంత హాయిగా ఉంటుందని ఆమెకీ తెలియదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పడవ దిగితే ముందు కనిపించేది ఆ ఇల్లే కదా వదినా" అంది. "మా ఇంటిదాకా నడిచి రానక్కర్లేదు."

రంగులామె దారి వదిలి పక్కకి నిలబడింది. భుజాన నూలు నీళ్ళు కారుతోంది.

బల్లని మోకులకి కట్టారు. మర్నాడు జనం మళ్ళీ చూడ్డానికి వచ్చారు. ఎప్పటిలాగే తమ వస్తువులు వెతుక్కోబోయి, ఉయ్యాల దగ్గర ఆగిపోయారు. చెక్క మీద రెండు పల్లాలు కనిపిస్తున్నాయి. ఏ పల్లం ఎవరిదో చెప్పక్కర్లేదు. ఒక్కరూ కూర్చోలేదు. ఒక్కరూ నవ్వలేదు. తలుపు ఇచ్చినాయన తలుపు వైపు చూసి తల దించుకున్నాడు. అందరూ వచ్చినదాని కన్నా మెల్లగా నడిచి వెళ్ళిపోయారు.

ఆ మర్నాడు తలుపు ఇచ్చినాయన వచ్చి, దాన్ని ఊడదీసి నెత్తిన పెట్టుకుని పట్టుకుపోయాడు. డప్పు ఇచ్చినాయన డప్పు పట్టుకుపోయాడు. మూడు గవ్వలూ కనిపించలేదు. రంగు కాగు కూడా మాయమైంది. పెద్దయ్య గబగబా జంట మగ్గం ఆమె ఇంటికి వచ్చాడు. ఆమె మగ్గం గుంట గట్టు మీద గోనె మడతేసుకుని కూర్చుని, అందని నాడె కోసం వంగి వంగి నేస్తోంది.

"ఇచ్చినవన్నీ తిరిగి పట్టుకుపోతున్నారమ్మా. ఇల్లు బోసిపోయింది. నీ బల్ల ఒక్కటే మిగిలింది. నువ్వూ తెచ్చేసుకో" అన్నాడు.

ఆమె నాడె ఆపింది. తెచ్చేసుకోవచ్చు. తెచ్చుకుంటే ఎవరూ ఏమీ అనరు. ఆ ఆశ ఆమెని నిలువునా ఊపేసింది. మళ్ళీ పొద్దున్నే తుడుచుకోవచ్చు, మళ్ళీ పక్కకి తిరిగి మాట్లాడుకోవచ్చు. ఆమె లేచి, గోనె మీద పక్కన పెట్టుకున్న స్నేహితురాలి నాడెని కొంగున కట్టుకుంది.

"పద పెద్దయ్యా" అంది. తెచ్చుకోడానికే బయల్దేరింది. ఈ సంగతి దాచడం ఎందుకు?

వాళ్ళు రేవు గట్టు ఎక్కేసరికి తలుపు ఇచ్చినాయన గుమ్మంలో మేకులు కొడుతున్నాడు. అది ఆయన ఇంటి వీధి తలుపు. చిలకల చెక్కడం ఉన్నది. మూసుకోని తలుపు ఇప్పుడు ఆయన ఇంటికి ఉంది. గవ్వల ఇల్లాలు కింద కూర్చుని గళ్ళు గీస్తోంది. పక్కన నాలుగు గవ్వలు ఉన్నాయి. నాలుగోది పోలేదట, నగల పెట్టెలో దాచుకుందట. ఎందుకు దాచుకుందని పెద్దయ్య అడగబోయాడు. ఆవిడ తల ఎత్తలేదు. ఆయన అడగకుండా వచ్చి ఆవిడ ఎదుట కూర్చున్నాడు.

జంట మగ్గం ఆమె ఉయ్యాల దగ్గరికి వెళ్ళింది. మోకు ముడి విప్పడానికి చెయ్యి వేసింది. ముడి బిగుసుకుపోయింది. కాసేపు నిలబడింది. కాళ్ళు లాగుతుంటే, కాస్త కూర్చుని విప్పుదామని కూర్చుంది.

అలవాటు చొప్పున ఎడమ పల్లంలోనే కూర్చుంది. ఉయ్యాల ఎడమకి ఒరిగింది. కుడి పక్క గాల్లోకి లేచింది. ఇంట్లో మగ్గం దగ్గర బల్ల ఎప్పుడూ అలా ఒరగలేదు, అక్కడ కింద నేల ఉంది. పదకొండేళ్ళుగా తను ఎంత ఒరిగి బతికిందో ఆమెకి ఇప్పుడు తెలిసింది. ఎదురుగా గోడ లేదు. ఏరు ఉంది. ఏటి మీద ఒక పడవ వస్తోంది. ఆమె చూపు ఎప్పటిలాగే పడవలో ఉన్నవాళ్ళని ఒక్కొక్కరినే వెతికింది. పడవ ఒడ్డుకి చేరింది, మనుషులు దిగారు. ఆమె ఎదురుచూసిన మనిషి దిగలేదు.

"దా" అంది మెల్లగా, ఏటి వైపు చూస్తూ. "ఎప్పటికైనా సరే, దా."

వెనకాల అడుగుల చప్పుడైంది. రంగులామె. చంకలో నీళ్ళ కుండ ఉంది. పగిలిన కాగు ఉన్న చోట దాన్ని దించి, ఇసక సర్దింది. ఆ కుండలో నీళ్ళు ఊళ్ళో అందరి ఇళ్ళ నీళ్ళ కన్నా చల్లగా ఉంటాయని పేరు. ఎండాకాలంలో కూడా ఆవిడ ఆ కుండలోంచి ఒక్క చెంబు బయటివాళ్ళకి పొయ్యలేదని కూడా పేరే. నీలం చేతులు కొంగుకి తుడుచుకుని, ఉయ్యాల దగ్గరికి వచ్చి నిలబడింది. ఒరిగిన బల్లని చూసింది. ఆవిడకి ఎప్పుడూ మాటలు వెతుక్కునే అవసరం రాలేదు. ఇప్పుడు వెతుక్కుంది.

"వదినా, ఇక్కడ ఎవరైనా ఉన్నారా?"

జంట మగ్గం ఆమె పక్కకి తిరిగి చూసింది. ఆ పల్లాన్నీ చూసింది, ఆ నీలం చేతుల్నీ చూసింది. కొంగున ఉన్న నాడెని పిడికిట్లో గట్టిగా పట్టుకుంది.

"ఉంది" అంది. "అయినా కూర్చో. అది కాస్త పక్కకి జరుగుతుందిలే."

రంగులామె కూర్చుంది. మొత్తం పల్లంలో కూర్చోలేదు. ఇటు ఆమె వైపుకి ఒదిగి, కుడి అంచున జానెడు చోటు వదిలి కూర్చుంది. బల్ల సమానమైంది. కాసేపటికి రంగులామె కూరలో ఉప్పు ఎక్కువైందని ఏదో మొదలుపెట్టింది. జంట మగ్గం ఆమె జవాబు చెప్పింది. ముడి విప్పే సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఏళ్ళు గడిచాయి. ఆ ఇద్దరూ లేరు. బల్ల మీద పల్లాలు అరిగి అరిగి ఒక్కటైపోయాయి. ఇప్పటికీ ఆ ఊళ్ళో ఎవరు ఆ ఉయ్యాల ఎక్కినా కుడి అంచున జానెడు చోటు వదిలే కూర్చుంటారు. పడవ దిగి వచ్చిన కొత్తవాళ్ళు అదేమిటని అడుగుతారు. ఊళ్ళోవాళ్ళు చెప్పరు. కాస్త జరిగి, అడిగిన మనిషిని కూర్చోమంటారు. ఆ మనిషి కూర్చుంటాడు. ఏరు చూస్తూ చూస్తూ, తనకి తెలియకుండానే, అతనూ అంచున జానెడు వదులుతాడు.